వదిన బంగారం, అత్తగారి ఇల్లు

మన ఇళ్ళల్లో అప్పుల లెక్క చాలా పక్కాగా ఉంటుంది. సొసైటీలో ఎంత, బ్యాంకులో ఎంత, ఎరువుల కొట్లో ఎంత, చీటీ ఇంకా ఎన్ని నెలలు కట్టాలి... అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతారు. ఆ లెక్కలోకి రాని అప్పు ఒకటుంటుంది. ఇంటికి ఆపద వచ్చినప్పుడు ఆడపిల్ల ఒంటి మీద నుంచి తీసి ఇచ్చిన బంగారం. దాన్ని అప్పు అని ఎవరూ అనరు. "ఆదుకుంది" అంటారు. "మా బంగారు తల్లి" అంటారు. తిరిగి ఎప్పుడిస్తారో మాత్రం ఎవరూ అనరు, తనూ అడగదు.

అలా ఇచ్చినవాళ్ళు మీలో చాలామంది ఉండి ఉంటారు. తీసుకున్న ఇంట్లో కోడళ్ళుగా ఉన్నవాళ్ళూ ఉంటారు. నేను రెండో రకం. మా అత్తగారు వినగడపలో ఇల్లు మా ఆయన పేర రాసినప్పుడు, మా వదినకు రావాల్సిన బాకీని ఆ ఇంటికే ముడిపెట్టింది. అది ఎలా చేసిందో, ఎందుకు చేసిందో తెలిస్తే ఇంకో ఇంట్లో పనికొస్తుందని రాస్తున్నాను.

2021లో మా మామగారికి గుండె ఆపరేషన్ అయింది. విజయవాడలో మూడు వారాలు ఉన్నాం. మిరప డబ్బులు అప్పటికే పెట్టుబడి కింద పోయాయి. మామిడి కాపు ఇంకా చేతికి రాలేదు. సత్తుపల్లి నుంచి వదిన వచ్చి, చంద్రహారం, వంకీ, గాజులు మూటగట్టి మా ఆయన చేతిలో పెట్టింది. 15 కాసులు, అంటే 120 గ్రాములు. తాకట్టు పెడితే వచ్చేది చాలక అమ్మేశాం. అయిదున్నర లక్షలు వచ్చాయి. మామగారు ఇంకో ఏడాదిన్నర మా మధ్య ఉన్నారు. తర్వాత కాలం చేశారు.

నాలుగేళ్ళలో వదిన ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. కిందటేడు వాళ్ళ పెద్దమ్మాయికి సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. అదే రోజుల్లో మా అత్తగారు, "నా ఒంట్లో ఓపిక ఉండగానే ఇల్లు చిన్నోడి పేర రాసేస్తాను" అంది. మా బావగారికి పొలం ఎప్పుడో రాసిచ్చారు. ఇల్లు చిన్నోడికి అన్నది మామగారు ఉండగా అనుకున్న మాటే. వదినకు ఇవ్వాల్సింది పెళ్ళినాడే ఇచ్చామన్నది మా ఇంటి లెక్క.

ఇల్లు అత్తగారి పేరనే ఉంది. మామగారు ఆ స్థలం కొన్నప్పుడే ఆమె పేర రిజిస్టరు చేయించారు. అది ఆమె సొంత ఆస్తి, ఎవరికి రాయాలన్నది ఆమె ఇష్టం. ఏమీ రాయకుండా ఆమె కాలం చేస్తే మాత్రం, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముగ్గురు పిల్లలకూ సమానంగా వస్తుంది. వదినకూ మూడో వంతు ఉంటుంది. అంటే ఇల్లు మా ఆయన పేరకు మారిన రోజున వదినకు ఆ ఇంటి మీద ఉన్న ఆశ కూడా పోతుంది. ఇక ఆమె బంగారం బాకీకి మిగిలేది తమ్ముడి మాట ఒక్కటే.

తిరువూరులో దస్తావేజు రాయించడానికి వెళ్ళేముందు, తెలిసిన వకీలు దగ్గర కూర్చున్నాం. అత్తగారు మొదట అడిగింది ఇదే. "అయ్యా, మా అమ్మాయి బంగారం మావాడు తీసుకున్నాడు. కాయితం లేదు. ఆ బాకీ ఉన్నట్టా, లేనట్టా?"

ఆయన చెప్పింది విని నాకు గుండె ఝల్లుమంది. గడువు ఏదీ రాసుకోని చేబదులుకు, ఇచ్చిన రోజు నుంచి మూడేళ్ళే కాలపరిమితి. 2021లో ఇచ్చినదానికి అప్పటికే కాలం చెల్లిపోయింది. వదిన కోర్టుకు వెళ్ళినా "కాలదోషం పట్టింది" అని కొట్టేస్తారు. అయితే దారి లేకపోలేదు. కాలదోషం పట్టిన బాకీని కూడా "నేను తీరుస్తాను" అని బాకీదారు రాసి సంతకం పెడితే, ఆ ఒప్పందం చెల్లుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. రాసి సంతకం పెట్టాలి. నోటిమాట పనికిరాదు.

మా ఆయనకు రోషం వచ్చింది. "నేను మా అక్క డబ్బు ఎగ్గొడతానా? నోటు రాసిస్తాను, చాలదా?" అన్నాడు.

ప్రామిసరీ నోటు మనందరికీ తెలిసిందే. రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెడితే అయిపోతుంది. దానికీ మూడేళ్ళే గడువు. ఆ లోపు కొంత డబ్బు కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్ళీ మూడేళ్ళు. అక్కాతమ్ముళ్ళ మధ్య ఎవరు గుర్తుపెట్టుకుని చెల్లు రాయించుకుంటారు? పైగా నోటు మనిషికి అంటుకుంటుంది కానీ ఇంటికి అంటుకోదు. రేపు మా ఆయన ఇల్లు అమ్మేసినా, వేరేచోట తాకట్టు పెట్టినా, నోటు పట్టుకున్న వదిన వచ్చి "ఈ ఇంట్లో నా డబ్బుంది" అనలేదు.

అత్తగారు కొడుకు వైపు తిరిగి అంది. "నువ్వు ఎగ్గొట్టవురా. నువ్వు లేకపోతే? మీ నాన్న పొద్దున కాఫీ తాగి, మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఉన్నాడు. నీ పిల్లలకు మేనత్త బంగారం సంగతి ఎవరు చెబుతారు? చెప్పినా నీ అల్లుడు ఒప్పుకుంటాడా?"

మా ఆయన ఇంక మాట్లాడలేదు. ఈసారి వదిన మొదలుపెట్టింది. "తమ్ముడి ఇల్లు తాకట్టు రాయించుకున్నానంటే ఊళ్ళో ఏమనుకుంటారే అమ్మా? నాకేం వద్దు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దానికి అత్తగారు, "ఊరు నీ కూతురికి గాజులు చేయిస్తుందా?" అంది.

ఆ తర్వాత వకీలు గారు ముందున్న దారులు ఒక్కొక్కటే చెప్పారు. నాకు అర్థమైనంత వరకు రాస్తాను.

మొదటిది, ఇల్లు మా ఆయనకు అమ్మినట్టు రాయడం. బంధువుల మధ్య అలా చాలామంది చేస్తారు. అమ్మిన ధరలో కొంత బాకీ ఉంటే, ఆ మేరకు ఇంటి మీద అమ్మినవాళ్ళకు హక్కు ఉంటుందని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. మన దస్తావేజుల్లో మాత్రం అలవాటుగా "పూర్తి పైకం ముట్టినది" అని రాసేస్తారు. ఆ మాట మీద సంతకం పెట్టాక, ముట్టలేదని రుజువు చేయడం గగనం. మా సంగతిలో అయితే బాకీ అత్తగారిది కాదు, వదినది. పైగా కుటుంబంలో సెటిల్‌మెంట్ రాసుకుంటే స్టాంపు డ్యూటీ అమ్మకం కంటే తక్కువ పడుతుంది. అందుకని ఆ దారి వద్దనుకున్నాం.

రెండోది, సెటిల్‌మెంట్ దస్తావేజులోనే "మా అమ్మాయికి ఇంత ఇవ్వవలెను, ఆ బాధ్యత ఈ ఇంటిపై ఉన్నది" అని ఒక షరతు రాయడం. దీన్ని చార్జి అంటారట. దస్తావేజు లేఖరి ఇది చాలన్నాడు. వకీలు గారు మాత్రం, చార్జికి తాకట్టుకు ఉన్నంత బలం లేదన్నారు. సంగతి తెలియకుండా డబ్బిచ్చి కొన్నవాళ్ళ మీద చార్జి పనిచేయదు. ఆ తెలిసిందా తెలియలేదా అన్నదాని మీదే ఏళ్ళ తరబడి వాదనలు జరుగుతాయి.

మూడోది, మేం చేసింది. ఒకే రోజు రెండు దస్తావేజులు. ముందు అత్తగారు మా ఆయనకు ఇల్లు సెటిల్‌మెంట్ రాశారు. ఆ వెంటనే ఇంటి యజమానిగా మా ఆయన, అదే ఇంటిని వదినకు స్వాధీనం ఇవ్వని తాకట్టు రాశారు. ఇంట్లో మేమే ఉంటాం, కాయితం మీద మాత్రం ఇల్లు బాకీకి హామీగా ఉంటుంది. వరస తప్పకూడదు. ఇల్లు తన పేర రాకముందు మా ఆయన తాకట్టు పెట్టలేడు. రెండో దస్తావేజు "తర్వాత చూద్దాం" అనుకుంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు. తాకట్టు రిజిస్టరు అయ్యాకే ఆఫీసు నుంచి కదలాలని అత్తగారు ముందే చెప్పింది.

నూరు రూపాయలు దాటిన ఇలాంటి తాకట్టును ఇద్దరు సాక్షులతో రాసి రిజిస్టరు చేయించాల్సిందే. రిజిస్టరు అయితే ఈసీలో కనబడుతుంది. కొనడానికి వచ్చినవాళ్ళైనా, అప్పిచ్చే బ్యాంకైనా మొదట తీసేది ఈసీనే. గడువు కూడా పెద్దది. డబ్బు కట్టాల్సిన తేదీ నుంచి పన్నెండేళ్ళ లోపు కోర్టుకు వెళ్ళొచ్చు.

మా ఆయన అడిగిన ప్రశ్న ఒకటి మీకూ వస్తుంది. "రేపు ఆలస్యమైతే అక్కయ్య వచ్చి ఇంటికి తాళం వేసుకోవచ్చా?" వేసుకోలేదు. ఇలాంటి తాకట్టులో ఇల్లు ఆమె చేతికి రాదు. కోర్టుకు వెళ్ళి, డిక్రీ తెచ్చుకుని, కోర్టు ద్వారానే ఇల్లు అమ్మించి తన డబ్బు తీసుకోవాలి. మిగిలింది మాకే. అది విన్నాక ఆయన మొహం కాస్త తేటపడింది.

అత్తగారి సంగతి కూడా ఇందులోనే రాయించాం. బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెదే అని సెటిల్‌మెంట్‌లో ఉంది. పోషణ చూసుకోవాలన్న షరతూ రాశారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమ చట్టం ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక చూసుకోకపోతే, ఆ దస్తావేజు రద్దు చేయమని అడగొచ్చు. ఆ అర్జీ వినేది ఆర్డీవో. ఎన్టీఆర్ జిల్లా వచ్చిన 2022 ఏప్రిల్‌లోనే తిరువూరు రెవెన్యూ డివిజన్ అయింది కాబట్టి, మా వైపు పెద్దవాళ్ళు అందుకోసం విజయవాడ దాకా పోనక్కర్లేదు. ఆ షరతు రాయించమని అడిగింది నేనే. మేం చూసుకుంటామని ఆమెకు తెలుసు. తెలిసినా కాయితం మీద ఉంటే ఆమె ధైర్యం వేరు. ఆ చట్టం తల్లి పోషణకే గాని కూతురి బాకీకి పనికిరాదు. అందుకే తాకట్టు విడిగా కావాల్సి వచ్చింది.

అన్నిటికన్నా కష్టమైనది అంకె. బంగారం అమ్మినప్పుడు గ్రాము అయిదు వేల లోపే. 2025 జ్యేష్ఠంలో మేం కూర్చునేసరికి తొమ్మిది వేల చుట్టూ ఉంది. తీసుకున్నది డబ్బయితే అయిదున్నర లక్షలు. తీసుకున్నది బంగారమైతే పది లక్షలు దాటుతుంది. మా బావగారు "అమ్మితే వచ్చినంతే కదా" అన్నారు. వదిన వాళ్ళాయన, నేను అన్నయ్య అని పిలుస్తాను, ఏమీ మాట్లాడలేదు. వదిన కొంగు మెలిపెడుతూ కూర్చుంది. అప్పుడు మా ఆయనే, "అక్క ఇచ్చింది డబ్బు కాదు, బంగారం" అన్నాడు. చివరికి ఎనిమిది లక్షలు, వడ్డీ లేదు, ఏడాదికి రెండు లక్షల చొప్పున నాలుగు విడతలు, ఏటా మే నెలాఖరుకు, మిరప, మామిడి డబ్బులు చేతికొచ్చాక అని తేలింది. బావగారు ఒక సాక్షి, అన్నయ్య ఇంకో సాక్షి. వాళ్ళ సంతకాలు ఉంటే రేపు ఎవరూ "నాకు తెలియదు" అనలేరని అత్తగారి లెక్క.

కట్టలేరు పొంగితే వినగడపకూ తోటమూలకూ మధ్య రాకపోకలు ఆగిపోయిన రోజులు మా ఊరివాళ్ళకు బాగా తెలుసు. వానలు ముదరకముందే, ఆషాఢం రాకముందే పని పూర్తి చేసుకున్నాం.

దీనివల్ల మాకు పోయింది లేదా అంటే, ఉంది. పైన రెండు గదులు వేద్దామని బ్యాంకు అప్పు కోసం చూస్తున్నాం. ఈసీలో వదిన తాకట్టు ఉన్నంత వరకు ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు రావడం కష్టం. గదులు నాలుగేళ్ళు ఆగుతాయి. మా వైపు చుట్టాల్లో ఒకామె, "చేజేతులా ఇల్లు ఇరికించుకున్నారు, నువ్వైనా అడ్డుపడలేదేం?" అని నన్ను కేకలేసింది.

నేను ఆలోచించింది ఇది. మా ఆయనకు ఏదైనా జరిగితే ఆ ఇల్లు నాకూ నా పిల్లలకూ వస్తుంది. బాకీ నోటిమాటగా ఉండి ఉంటే, ఎంత అన్నది ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్ళు చెప్పేవాళ్ళు. బంగారం రేటు పెరిగిన కొద్దీ బాకీ కూడా పెరిగేది. ఇప్పుడు ఎనిమిది లక్షలు, అందులో కట్టినవి పోను మిగిలింది. అంతకు మించి ఒక్క రూపాయి ఎవరూ అడగలేరు. ఆ కాయితం వదినకు ఎంత రక్షణో నాకూ అంతే. ఇంటి కోడళ్ళు ఈ మాట ఒకసారి ఆలోచించుకోవాలి. ఆడపడుచు బాకీ రాయడానికి మనం అడ్డుపడితే, రేపు మన పుట్టింట్లో మన బంగారం గురించి మన మరదలు కూడా అలాగే అడ్డుపడుతుంది.

ఆడదానికి రావాల్సింది దయగా ఇచ్చేది కాదు, ఆమె హక్కు అని చెప్పడానికి మన తెలుగునేల మీదే ఒక పెద్ద కేసు ఉంది. వడ్డెబోయిన తులశమ్మ గారిది. 1931లో భర్త పోతే, ఉమ్మడి ఆస్తి మరిది చేతిలో ఉండిపోయింది. 1944లో ఆమె మనోవర్తి కోసం నెల్లూరు మునసబు కోర్టుకు వెళ్ళింది, ఫీజు కట్టే స్తోమత లేనిదానిగా. డిక్రీ వచ్చింది. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఇచ్చారు, బతికున్నంత వరకు అనుభవించాలే తప్ప అమ్మడానికి వీల్లేదన్న షరతుతో. ఆ షరతు మీద తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మనోవర్తి హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి ఆమెకు పూర్తి సొంతమని 1977 మార్చిలో తీర్పు వచ్చింది. ఈ రోజుకీ దేశమంతా కోర్టుల్లో ఆ పేరు వినబడుతుంది. గెలిచింది నిజమే. మొదటి అర్జీ నుంచి లెక్కేస్తే ముప్పై మూడేళ్ళు పట్టింది. అంత ఓపిక, అంత ఆయుష్షు మనలో ఎంతమందికి ఉంటాయి?

ఈమధ్యే 2024 ఏప్రిల్‌లో కేరళకు చెందిన ఒకావిడ కేసులో, భార్య స్త్రీధనం మీద భర్తకు హక్కు లేదని, కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. 89 సవర్ల బంగారానికి 25 లక్షలు ఇమ్మంది. ఆమె పెళ్ళి 2003లో జరిగింది. అక్కడా ఇరవై ఏళ్ళు.

అందుకే ఇల్లో పొలమో పేరు మారుతుందన్న మాట చెవిన పడగానే, అందులో మీ బంగారమో డబ్బో ఉంటే అప్పుడే నోరు తెరవండి. ఆ రోజు అందరూ ఒకచోట ఉంటారు, దస్తావేజు ఎలాగూ రాస్తారు, సాక్షులు ఎలాగూ వస్తారు. ముందు అంకె తేల్చుకోండి, బంగారంలోనా రూపాయల్లోనా అన్నది అప్పుడే మాట్లాడుకోండి. విడతల తేదీలు రాయించండి. డబ్బు చేతికి ఇవ్వకుండా బ్యాంకులో వేయమనండి, వేసింది కనబడుతుంది. అంతా తీరిపోయాక తాకట్టు రద్దు కాయితం కూడా రిజిస్టరు చేయించండి, లేకపోతే తీరిన బాకీ ఈసీలో అలాగే ఉండిపోతుంది. ఇది అప్పు తీర్చినవాళ్ళు పట్టుబట్టి చేయించుకోవాల్సిన పని. మీ ఊరి పద్ధతి, మీ ఇంటి కాయితాలు వేరుగా ఉండొచ్చు. పల్లెల్లో గ్రామకంఠంలో ఉన్న చాలా ఇళ్ళకు పాత దస్తావేజే ఉండదు, ఇంటి పన్ను రశీదులే ఆధారం. కాబట్టి ఒక్క గంట వకీలు దగ్గర కూర్చోండి, ఆ ఫీజు దండగ కాదు.

జ్యేష్ఠం నుంచి దసరాకు బంగారం ఇంకా పెరిగింది. పెరిగిన మేరకు వదినకే నష్టం, ఆ సంగతి మా అందరికీ తెలుసు. పెద్దమ్మాయి పెళ్ళి కుదిరితే మొదటి విడత ముందే ఇచ్చేద్దామని మా ఆయన అంటున్నాడు.

పండక్కి వచ్చినప్పుడు వదిన మాతోపాటు చేలోకి వచ్చింది. గట్టు మీద నిలబడి, "ఈసారి మిరప ఎన్ని ఎకరాలు వేశావురా? నల్లి పట్టలేదు కదా?" అని తమ్ముణ్ణి అడిగింది. నాలుగేళ్ళుగా ఆమె మా పంట గురించి ఒక్క మాట అడగలేదు. అడిగితే బాకీ గుర్తుచేసినట్టుంటుందని.